జడ్జీలకు పాఠం చెప్పిన రూతు మేడం

నిన్న అమలాపురం కోర్టుకి తనిఖీ కోసం పోలీసు కుక్కను తెచ్చారు. వానకి తడిసిన దాని బొచ్చు వాసన నా బెంచీ దాకా వచ్చింది. రోజంతా రూతు మేడం గుర్తొస్తూనే ఉన్నారు.

ఆవిడది ముక్తేశ్వరం. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. నేను కొత్తగా జడ్జీనైన రోజుల్లో, నిపుణుల సాక్ష్యాన్ని ఎలా పరీక్షించాలో మాకు నేర్పడానికి ఆవిడను పిలిచారు. ముందు వరసలో సీనియర్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా మొదలుపెట్టారు.

"ఓ హత్య జరిగిందండి. పోలీసు కుక్క వాసన పట్టుకుని ఓ ఇంటి ముందు ఆగింది. మా కుక్క ఎప్పుడూ తప్పలేదని దాన్ని తెచ్చినాయన సాక్ష్యం చెప్పేడు. మీరేం అడుగుతారు?"

"దానికి శిక్షణ ఎవరిచ్చారని అడుగుతానండి," అన్నాను.

"తప్పలేదని ఆయనకెలా తెలిసిందో అడగండి. కుక్క ఆగిన ఇంటాయనకే శిక్ష వేశారు. ఆ శిక్షనే చూపించి కుక్క కరెక్టంటున్నారు. ఇంక దాని తప్పు బయటపడే దారేదండి? జవాబు మనకి ముందే తెలిసుండాలి, కుక్కకీ దాన్ని నడిపించేవాడికీ తెలియకూడదు. అలా పరీక్ష పెట్టి, ఎన్నిసార్లు తప్పిందో చూడాలి."

ముందు వరసలోని పెద్ద జడ్జిగారు నవ్వారు. "మాకు అనుభవం ఉంది మేడం. మొహం చూస్తే తెలిసిపోతుంది."

"ఆయ్. మీరు ఎన్ని మొహాల దగ్గర పొరబడ్డారో, మీకెవరు చెప్పేరండి?"

పాఠమయ్యాక ఆ పెద్ద జడ్జిగారే ఆవిడకు శాలువా కప్పి ఫొటో దిగారు.

బస్టాండుకి తోడు వెళ్తూ, కుక్క ఉదాహరణ బాగా చెప్పారన్నాను.

"ఉదాహరణ కాదండి. ఆ ఇల్లు మా తమ్ముడిది. శిక్ష వేసింది, ఇందాక శాలువా కప్పేరే, ఆయనే. నన్ను గుర్తుపట్టలేదు."

"ఆయన మొహం మీదే చెప్పాల్సిందండి," అన్నాను.

"చెబితే, తమ్ముడి కోసం ఏడవడానికి వచ్చిందనేవారు. పాఠం ఎవరు వినేవారు?"

అప్పీలు తేలకముందే ఆ తమ్ముడు జైల్లో పోయాడు. ఆవిడ అప్పీలును వదల్లేదు. చివరికి నిర్దోషి అని తీర్పొచ్చింది. ఆ సంగతి విని పెద్ద జడ్జిగారు, "చూశారా, న్యాయం ఎప్పటికైనా గెలుస్తుంది," అన్నారు నాతో. మరుసటి ఏడు శిక్షణకు మేడంను మళ్ళీ పిలుద్దామంటే, ఆవిడ మర్యాద తెలియకుండా మాట్లాడుతుందని కొట్టిపారేశారు. ఇంకెవరూ పిలవలేదు. ఆవిడా పోయారు.

తీర్పు రాసిన ప్రతిసారీ, ఇది తప్పయితే నాకెలా తెలుస్తుందని ఆగి ఆలోచిస్తాను. చాలాసార్లు ఏ దారీ కనిపించదు. బయట మనుషులు ఎదురుచూస్తూ ఉంటారు. సంతకం పెడతాను.