ముందర మా నీళ్లు తాగండి

మా మేనత్త పోయిందన్న కబురు పనిమీద వేరే ఊళ్లో ఉన్న నాకు మా ఇంట్లోవాళ్ల కంటే ముందు ఎగువ ఊరి పెద్దాయన చెప్పాడు. కాలువ నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఆమెతో తగువులాడిన మనిషి. ఫోనులో "అబ్బయ్యా, మీ అత్త..." అని ఆగిపోయాడు. తర్వాత ఏడుపు వినిపించింది. నాకు ముందు ఆశ్చర్యమే కలిగింది, దుఃఖం ఆ తర్వాత వచ్చింది.

మాది ముత్తుకూరుకు అవతల, పెన్న నీళ్లు తెచ్చే కాలువ ఆఖరున ఉన్న పల్లె. మా వరి కయ్యలు దాటితే ఉప్పుటేరు, అది దాటితే సముద్రం. ఎగువ ఊరి దగ్గర కాలువకు అడ్డంగా ఇనుప తలుపు ఉంటుంది. వాళ్లు అది ఎత్తితేనే మాకు నీళ్లు. ఎత్తకపోతే నారు ఎండిపోవడమే కాదు, బావుల్లోకి ఉప్పు ఎక్కుతుంది. మగవాళ్లు మాట్లాడబోతే ప్రతిసారీ తలలు పగిలేవి. అందుకని నీళ్ల సంఘంలో మా ఊరి తరఫున మాట్లాడే పని మా అత్తకు అప్పగించారు. "సరే, తిట్లు తినేదానికి నేనుండాగా" అని ఒప్పుకుందట.

ఆమెకొక పద్ధతి ఉండేది. పంచాయితీకి ఎవరొచ్చినా, ఎగువ ఊరివాళ్లయినా ఇంజనీరయినా, ముందు తన బావి నీళ్లు ఇత్తడి చెంబుతో చేతికిచ్చేది. ఇంట్లో క్యాన్ నీళ్లున్నా సరే. నాకు తల కొట్టేసినట్టుండేది.

"వచ్చినోళ్లకు ఈ ఉప్పునీళ్లేందత్తా? పరువు పోతా ఉండాది."

"కాఫీ యాడికీ పోదులేరా. ముందర మన నీళ్లు తాగితే, మాట్లాడేది దేన్ని గురించో వాళ్లకు తెలస్తది."

చాలామంది పెదాలు తడుపుకుని చెంబు కింద పెట్టేవారు. పెద్దాయన అసలు ముట్టుకునేవాడే కాదు. చెమటలు కక్కుతూ కూడా "నాకు దాహం లేదమ్మా" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పైగా కాలువ నిండా పూడిక. తీయించడానికి సర్కారు ఇచ్చింది చాలలేదు. మిగతాది ఎకరాకు ఇంతని అందరం వేసుకుందామంటే ఎగువ ఊరు ససేమిరా అంది. "పూడికంతా మీకాడ ఉండాది, మేమెందుకు పెట్టాల?" అన్నాడు పెద్దాయన. మా కుర్రాళ్లు ఇనుప తలుపు పగలగొడతామని గడ్డపారలు పట్టుకుని బయలుదేరారు. అత్త గుమ్మంలో నిలబడి వాళ్లను ఆపింది.

"గడ్డపారలు దించబాకండి. రేపు వాటితోనే పనుంది."

పనేమిటంటే, ఎగువ ఊరి వైపు పూడిక మేం తీయాలి. మా వైపు పూడికకు వాళ్లు రావాలి. ఊరంతా ఆమె మీద విరుచుకుపడింది, నేనూ కలిశాను. "మన కొంప కాలతా ఉంటే వాళ్లింటికి సున్నం కొట్టాల్నా?" అన్నాడు మా నాన్న, ఆమె సొంత తమ్ముడు.

"కొట్లాడి తెచ్చుకుంటే ఒక్క ఏడే వస్తాయిరా నీళ్లు. నాకు ఏటా కావాల" అంది.

మరునాడు కొంగు నడుముకు దోపుకుని, గంప నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. ఇంకేం చేస్తాం, తిట్టుకుంటూ వెనకాలే పోయాం.

మేం వాళ్ల కాలువ బాగుచేశాక వాళ్లకు రాక తప్పలేదు. మా కయ్యల మీద తెల్లగా పేరుకున్న ఉప్పును అప్పుడే దగ్గరగా చూశారు. మిట్ట మధ్యాహ్నానికి తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. అత్త చెంబు పట్టుకొచ్చింది. పెద్దాయన ఒక గుక్క మింగి, రెండోది ఉమ్మేశాడు.

"ఏందమ్మా ఇది! పిల్లోళ్లు గూడా ఇయ్యేనా తాగేది?"

"కాలువ రాకపోతే ఇయ్యే అన్నా."

వాళ్ల ఊరి వాటా డబ్బు వచ్చింది. నీళ్లు తక్కువైన ఏడు మొదటి వంతు దిగువకేనని పెద్దాయన మాట కూడా ఇచ్చాడు. కాగితం రాయించుకుందామంటే అత్త వద్దంది. "రాస్తే లాయరు చూస్తాడు. మాటయితే మేమే చూసుకుంటాం."

ఆ మాట ఇన్నేళ్లూ నిలిచింది. ఆమె దయవల్లే నేనింకా వరి పండిస్తున్నాను. ఇప్పుడు మాట తీసుకున్న మనిషి లేదు. ఈ ఏడూ వానలు లేవు, నార్లు పోసి ఉన్నాం, ఎగువవాళ్లు తలుపు ఎత్తుతారో లేదో. చావింట్లో అలాంటి ఆలోచన రావడం పాపమే గానీ, పరామర్శకు వచ్చిన ప్రతి రైతు మొహంలోనూ అదే కనిపించింది.

పెద్దకర్మ రోజున పెద్దాయన వచ్చాడు. ఆమె పటానికి దండం పెట్టి, వాకిట్లో కుర్చీలో కూలబడ్డాడు. మా ఆవిడ గ్లాసుతో క్యాన్ నీళ్లు తెచ్చింది. వద్దని చెయ్యి ఊపాడు.

"మీ అత్త చెంబు యాడుంది అబ్బయ్యా?"

నేనే బావిలోంచి తోడి తెచ్చాను. రెండు చేతులా పట్టుకుని పైకెత్తాడు. ఒక్కో గుక్కకూ మొహం ముడుచుకుపోతోంది, ఆపలేదు. వాకిట్లో అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆఖరి గుక్క మింగి, కండువాతో మూతీ కళ్లూ కలిపి తుడుచుకున్నాడు.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి. తలుపు ఎప్పుడెత్తమంటారు?"

చెంబు నా చేతికిచ్చాడు. లోపలికి చూశాను. అడుగున ఒక్క చుక్క కూడా మిగల్చలేదు.