మామ దుర్భిణీని నేను శుభ్రం చేసిన వైనం

కడప కాలేజీలో ముప్పై ఏళ్లు కటకాల పాఠం చెప్పినవాణ్ణి. రిటైరయ్యాక మా ఆవిడ తన తండ్రి ఇత్తడి దుర్భిణీ తెచ్చి, "లోపల బూజు పట్టినట్టుండాది, చూస్తారా?" అంది. సర్వే శాఖలో పనిచేసిన మామ ఆమెకు మిగిల్చింది అదొక్కటే. చిన్నప్పుడు మిద్దె మీద ఆయన పక్కన నిలబడి పాలకొండలు చూసిందట. మళ్లీ ఒక్కసారి అట్లా చూడాలని ఆమె కోరిక.

చూడమంటే నేను విప్పాను. కంటివైపు గొట్టంలోంచి నాలుగు చిన్న అద్దాలు వచ్చాయి, ఒక్కోటీ ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. అంచుల మీద ఏవో పెన్సిల్ మరకలు. శుభ్రతలో నన్ను మించినవాడు లేడు గనక స్పిరిట్‌తో వాటినీ తుడిచేసి అద్దాలను తళతళలాడించాను.

తిరిగి బిగించబోతే ఏది ముందో, ఏ పక్క ఎటో తెలియలేదు. ఎన్ని రకాలుగా పెట్టొచ్చో మాత్రం టకటకా లెక్కగట్టాను: మూడొందల ఎనభై నాలుగు. ఆమెను ఒక్క మాట అడగలేదు. మాకు చెప్పడమే అలవాటు, అడగడం కాదు.

మా పుస్తకంలో దుర్భిణీకి రెండే కటకాలు. నేల మీది వస్తువులు చూడాలంటే బొమ్మను నిలబెట్టే కటకాలు అదనంగా కావాలని చివర్లో ఒక వాక్యం ఉండేది. పరీక్షలో రాదని ఏటా దాన్ని దాటేశాను. ఇప్పుడూ దాటేసి, కంటివైపు ఒక్క అద్దమే బిగించి ఆమెను పిలిచాను. కొండ కనిపించింది, తలకిందులుగా.

"శాస్త్ర ప్రకారం ఇది కరెక్టే," అన్నాను.

"అయితే నన్ను తలకిందులుగా నిలబడమంటారా?"

పదకొండు రోజులు గది తలుపేసుకున్నాను. కొవ్వొత్తి ముందు ఒక్కో అద్దం పెట్టి, ఎంత దూరాన బొమ్మ కడుతుందో తెల్లకాగితం మీద చూసుకున్నాను. తలకిందులైన బొమ్మను ఒక జత మళ్లీ తిప్పి నిలబెడుతుంది, రెండో జత దాన్ని పెద్దది చేసి కంటికి అందిస్తుంది. నేను దాటేసిన వాక్యం అంతే. అది అర్థమయ్యేసరికి నాకు అరవై దాటాయి.

ఆమె మిద్దె మీద చాలాసేపు చూసింది. కొండ నిటారుగా ఉంది. నాకు గర్వంగా ఉంది.

"శానా బాగుండాది," అంది కళ్లు తుడుచుకుంటూ. "మా నాయన అంకెలు చూసే పెట్టినారా?"

"ఏ అంకెలు?"

"అద్దాల అంచున ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎటు తిప్పాలో బాణం గుర్తు. నేను మర్చిపోకూడదని నా ముందరే పెన్సిల్‌తో రాసినాడు."

జరిగింది చెప్పాను. మర్నాడు పొద్దున పెన్సిల్ తెచ్చి ఇచ్చింది. "రాయండి. మళ్లా విప్పితే కావాల గదా."

బోర్డు మీద ముప్పై ఏళ్లు రాసిన చేత్తో అద్దాల అంచున అంకెలు, బాణాలు వేశాను. ఆమె చివరి అద్దాన్ని వెలుతురులో తిప్పి చూసింది.

"మా నాయన నాలుగు ఇట్లా రాయడు," అని లోపలికి పోయింది.