ఉలి గాట్లు తుడిచిన ఫొటో

తిరుపతిలో మా ఫొటోగ్రాఫర్ల బృందం ప్రతి ఆదివారం ఉదయం ఒక హోటల్ పై అంతస్తులో సమావేశమవుతుంది. ఒకరి ఫొటోను గోడ మీద వేసి చూపితే మిగిలినవారు అభిప్రాయం చెప్పాలి. అభిప్రాయాలు రెండే రకాలు: "అదిరింది సార్", "చానా అదిరింది సార్". ఈ కొరతను తీర్చే బాధ్యతను నాకు నేనే అప్పగించుకున్నాను. ఎవరి ఫొటోలో శిల్పం ఎన్ని డిగ్రీలు ఒరిగిందో, ఎవరి నీడలో ఎంత వివరం మునిగిపోయిందో నేను లెక్క చెబుతుంటే గది నిశ్శబ్దమయ్యేది. దాన్ని గౌరవమని భావించాను.

ఒకసారి శ్రీకాళహస్తి దగ్గరి శిల్పి ఒకాయన నా దగ్గరకు వచ్చాడు. బంగారుపాళ్యం వైపు ఒక ఊరి గుడికి ఇద్దరు ద్వారపాలకులు కావాలి. చేత్తో చెక్కించాలా, కంప్యూటర్ మిషన్‌తో కోయించాలా అన్నది అక్కడి కమిటీ తేల్చుకోలేకపోతోంది. తాను చెక్కిన నమూనా విగ్రహాన్ని ఫొటో తీసి వాళ్లకు పంపమన్నాడు.

తీశాను. రాతి మీద సన్నని గీతలు కనిపించాయి. వాటిని చిత్రదోషంగా నిర్ధారించి, సాఫ్ట్‌వేర్‌తో ఒక్కటీ మిగలకుండా తొలగించి, కమిటీకి పంపించాను. ఆదివారం అదే ఫొటోను గోడ మీద వేశాను. శిల్పినీ పిలిచాను, పొగడ్తలకు సాక్షి ఉండాలి కదా.

"చానా అదిరింది సార్! సబ్బుబిళ్ల మాదిరి నున్నగా ఉండాది," అన్నాడొక సభ్యుడు.

శిల్పి లేచి గోడ దగ్గరకు వెళ్లి, విగ్రహం భుజం మీద వేలు పెట్టాడు.

"ఈడ నా ఉలి గాట్లు ఉండాలే. యాడబోయినాయి సార్?"

"మచ్చలనుకొని తీసేసినాను."

"మచ్చలా? మా నాయన చెయ్యి పట్టి నేర్పించిన పని సార్ అది. చేత్తో చేసినామని చెప్పే గుర్తు అదొక్కటే గదా!"

అంతలో అతనికి కమిటీ పెద్ద ఫోన్ చేశాడు. స్పీకర్‌లో గదంతా విన్నది.

"ఫొటో సూసినామప్పా. నువ్వూ మిషన్లోనే కోయిస్తావని తెలీదే! అట్టయితే నేరుగా మిషనోళ్లకే ఇస్తాములే."

నేను గోడ మీది ఫొటోను ఆర్పేశాను.

మరునాడు శిల్పి నమూనా విగ్రహాన్ని వ్యానులో ఎక్కించుకొని ఆ ఊరికి వెళ్లాడు. కమిటీవారు రాతిని వేళ్లతో తడిమి చూశారట. అప్పటికే మిషన్‌వాళ్లకు మాటిచ్చి ఉండటంతో, ఎవరినీ నొప్పించకుండా పని పంచారు: ఒక ద్వారపాలకుడు అతనికి, రెండోవాడు మిషన్‌కు.

విగ్రహాలు నిలబెట్టిన రోజు అతనే ఫోన్ చేశాడు.

"వాకిలికి ఆపక్క నిలబడిండేది నా బిడ్డ సార్. ఈపక్క నిలబడిండేది మీ ఫొటో కన్న బిడ్డ. వచ్చి సూసుకోండి, శానా నున్నగా ఉండాడు."