నాలుగో లెవెల్లోనే నన్ను వదిలేసి వెళ్లిపోయిన ఇమ్మానుయేలు అన్నయ్యకి

నిన్న మధ్యాహ్నం మెడికల్ షాపు కౌంటర్లో ఉండగా రమణ ఫోన్ చేశాడు.

"సుజాతా, ఇమ్మానుయేలన్న పోయేడే."

ఎక్కడికి పోయాడు అని అడిగాను. నిజంగానే అడిగాను.

అవతల వాడి ఏడుపు వినబడ్డాక అర్థమైంది.

బుచ్చయ్యపేటలో ఎవరిదో కొత్త ఇంటికి వైరింగ్ చేస్తూ, మెట్ల మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడట. నీళ్లు తెచ్చేలోపే ఒరిగిపోయాడట. హార్ట్ ఎటాక్.

నలభై రెండేళ్లు.

ఈ రోజు ఉదయం సమాధి చేసి వచ్చాం. నాకు కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. అందుకే రాస్తున్నాను.

చోడవరంలో చాలా ఇళ్లకి ఫ్యాన్లు బిగించిన మనిషిగా ఆయన మీకు తెలుసు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, తన డాబా మీద మా నలుగురితో ఒక గేమ్ ఆడించేవాడని ఎక్కువమందికి తెలియదు.

రోల్ ప్లేయింగ్ గేమ్. ఆయన కథ చెబుతాడు, అందులో మేం తలా ఒక పాత్ర. ఏం చేయాలనుకున్నామో మేం చెబుతాం. అది జరుగుతుందో లేదో డైస్ వేసి చూస్తాం. గెలిచిన కొద్దీ పాయింట్లు. పాయింట్లు నిండితే మన పాత్రకి ఒక లెవెల్ పెరుగుతుంది, కొత్త బలం వస్తుంది.

నెట్‌లో చూసి నేర్చుకుని, రూల్స్ మొత్తం తెలుగులో లాంగ్ నోట్‌బుక్‌లో తనే రాసుకున్నాడు.

మొదట్లో ప్రతి ఆదివారం లెవెల్ ఇచ్చేసేవాడు. మూడు నెలలు తిరిగేసరికి మేం పెద్ద మొనగాళ్లమైపోయాం. పులిని చంపి పన్నెండో లెవెల్‌కి వెళ్లిన రోజు రమణ ఆవులించాడు.

నేను అనేశాను. "పెరిగినట్టే లేదన్నయ్యా. మాకు బలం పెరిగితే నువ్వు పులికీ బలం పెంచేస్తన్నావు. మరింకేటి లాభం?"

ఆయన నొచ్చుకోలేదు. వారమంతా ఆలోచించి, తర్వాతి ఆదివారం మా కాగితాలన్నీ లాగేసుకున్నాడు. మళ్లీ ఒకటో లెవెల్. ఈసారి ఎవరిని చంపినా పాయింట్లు లేవు. నిన్నటిదాకా చేతకానిది చేసి చూపిస్తేనే లెవెల్.

రమణ సంగతి చెప్పాలి. గోవాడ దగ్గర చెరకు పండిస్తాడు. గేమ్‌లో మాత్రం దొంగ. కొత్తగా మొదలుపెట్టిన రోజే ఒక మేడ గేటు దగ్గర కుక్క తరిమితే, కాలవలో దూకి బతికిపోయాడు. మేం వారాల తరబడి నవ్వాం.

నాలుగు నెలలకి వాడికి లెవెల్ వచ్చింది. జంతువులని మచ్చిక చేసుకునే విద్య. అన్నయ్య కథని తిప్పి తిప్పి వాణ్ణి మళ్లీ ఆ గేటు ముందే నిలబెట్టాడు.

అదే కుక్క.

రమణ డైస్ వేశాడు. కుక్క వచ్చి కాళ్ల దగ్గర పడుకుంది.

ముప్పై ఎనిమిదేళ్ల మనిషి కుర్చీ ఎక్కి కేకలు పెట్టాడు. "పడుకుంది బాబూ! నా కాళ్ల దగ్గరే పడుకుంది, సూడండి!"

ఏమైందోనని కింద నుంచి వదిన పరిగెత్తుకొచ్చింది.

పన్నెండు లెవెళ్లలో మాకు దొరకని ఆనందం ఆ ఒక్కదాంట్లో దొరికింది.

మరి నాకు?

నా పాత్ర పడవ నడిపే మనిషి. ఐదు నెలలుగా నాలుగో లెవెల్లోనే ఉంది. పోయిన ఆదివారం ఇక ఆగలేకపోయాను.

"పదకొండేళ్లనుంచీ అదే కౌంటర్లో నిలబడతన్నాను. అక్కడెలాగూ పెరగలేదు. ఇక్కడైనా పెరగనివ్వవా?"

"వచ్చే ఆదివారం దాకా ఆగమ్మా. నీకోసం ఒకటి ఆలోసిస్తన్నాను."

"నీ దయేటీ అక్కర్లేదు" అని డైస్ విసిరేసి లేచాను.

అప్పుడు ఆయన ఛాతీ రుద్దుకుంటున్నాడు.

నేను చూశాను.

"గేసమ్మా. పొద్దున్న పూరీలు తిన్నాను" అన్నాడు.

బ్యాగులోంచి గ్యాస్ మాత్రల స్ట్రిప్ తీసి టేబుల్ మీద పడేసి, మెట్లు దిగిపోయాను.

ఛాతీ నొప్పి అని షాపుకి వచ్చే ప్రతి మనిషికీ "ముందు ఈసీజీ తీయించుకోండి" అని చెప్పేదాన్ని నేను. ఆయనకి చెప్పలేదు. ఎందుకంటే ఆ పూట నాకు ఐదో లెవెల్ కావాలి.

థూ.

ఆయన మీదా కోపమే. మూడు రోజులు ఆ మాత్రలే మింగాడట. ఒప్పుకున్న వైరింగ్ ఆగిపోతుందని వదినతో ఒక్క ముక్క అనలేదట. అలా ఎలా చేస్తావు అన్నయ్యా?

ఇక ఉదయం సమాధుల దగ్గర ఆయన మావయ్య ఒకాయన పక్కవాళ్లతో అంటున్నాడు.

"మనిషి మంచోడే గానీ, ఈ వయసులో పాచికలాడుకుంటూ కూకున్నాడు. ఏటి సాధించేడు?"

నేను ఊరుకోలేదు.

"ఎదటి మనిషి ఎప్పుడు ఎదిగేడో కనిపెట్టి, ఆ మనిషికే చూపించేవోడు మావయ్యగారూ. అలాటోడు ఈ ఊర్లో ఇంకొకడున్నాడా? ఉంటే పేరు సెప్పండి."

రమణ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోయాడు. నలుగురిలో అలా అరిచానని నన్ను ఎవరైనా తప్పుపట్టాలనుకుంటే పట్టుకోండి. క్షమాపణ చెప్పను.

మధ్యాహ్నం వదిన ఆ నోట్‌బుక్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. చివరి పేజీలో "సుజాత" అని రాసి, కింద గీత గీశాడు.

అంతే. మిగతా పేజీ ఖాళీ.

ఏం ఆలోచించాడో ఇక ఎవరికీ తెలియదు.

ఇది చదువుతున్నవాళ్లకి ఒక్క మాట. మీ ఇంట్లో ఎవరైనా ఛాతీలో నొప్పి అంటే మాత్ర చేతిలో పెట్టకండి. తిట్టండి, బతిమాలండి, బండి ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పూరీలు తిన్నాను అంటే నమ్మకండి.

వెళ్లిరా అన్నయ్యా. కోపం తగ్గాక ఏడుస్తాను.

నువ్వు నమ్ముకున్న యేసయ్య నీ గుండె మీద చెయ్యి వేసి, నిన్ను నిమ్మళంగా నిద్రపుచ్చాలి.