గాలి రోజున చాచా వదిలేసిన చేప

మా పక్కింటి చాచా పోయారు. మొన్న పొద్దున ఆయన కొడుకు మా గడప ముందుకొచ్చి "అబ్బా లేడన్నా" అన్నాడు. అతని భుజం మీద చెయ్యి వేసి అతనితో పాటే వాళ్లింటికి నడిచాను. అయితే ఒక్క మాట. చాచాను తలచుకుంటే ఏడుపు కన్నా ముందు నాకు హుషారు వస్తుంది. ఏం చేయను, ఆయన అలాంటి మనిషి!

నల్లగొండ బస్టాండు దగ్గర ఆయనకు పంచర్ దుకాణం ఉండేది. ఆదివారం దానికి తాళమే. ఇద్దరం దేవరకొండ దిక్కు బస్సెక్కి, సాగర్ వెనక నీళ్ల ఒడ్డుకు చేరి, వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టి కిరాయికి తీసుకుని గాలాలు వేసేవాళ్లం. మునిగితే పట్టుకోవడానికని ఆయన భుజాలకు రెండు లారీ ట్యూబులు, అవీ గాలి నింపినవి! వాటితో బస్సెక్కితే కండక్టర్ ఊరుకుంటాడా?

"గాలి తీసి తేవొచ్చు గద, చాచా?" అనేవాడు.

"పంపు మరిచిపోతే నువ్వొచ్చి ఊదుతవా?"

బస్సంతా నవ్వేది. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

నీళ్ల మీద మాత్రం ఆయనతో ఆటలు సాగవు. "గాలికి ముందుగాల ఎదురువోవాలె బేటా. తెడ్డేసి తెడ్డేసి రెక్కలు గుంజినంక గాలే మనల్ని ఒడ్డుకు తోల్తది" అనేవారు. గాలం దారాన్ని చేతికి చుట్టుకోనిచ్చేవారు కాదు. పెద్ద చేప పడిందంటే మనవాళ్లు "ఏదీ, ఏదీ" అంటూ అందరూ ఒకే పక్కకు వాలిపోతారు, పుట్టి బోర్లా పడుతుంది. అందుకే చేప పడితే ఎవరూ లేవకూడదు. "చూసుడంతా ఒడ్డు మీదనే!"

ఒక ఆషాఢంలో అసలు సంగతి జరిగింది. ఏళ్ల తరబడి ఆయన కలవరించిన పెద్ద వాలుగ ఆయన గాలానికే పడింది! సరిగ్గా అప్పుడే గాలి లేచింది. గాలి మమ్మల్ని ఒడ్డుకు తోస్తోంది, చేపేమో నడుమ నీళ్లలోకి గుంజుతోంది. ఆ రెంటి మధ్య పుట్టి గిర్రున తిరిగి పక్కకు ఒరిగింది. అంచు మీదుగా నీళ్లు లోపలికి దూకాయి. అంతలో ఆ వాలుగ పైకి తేలి తోక కొట్టింది. అబ్బ, ఏం తోక!

చాచా మోకాళ్ల మీద లేచేశారు! అన్ని హుకుములు జారీ చేసే మనిషి!

"చాచా, కూసో! చూసుడు ఒడ్డు మీద!" అని అరిచాను.

ఆయన నా వైపు చూశారు. చేప వైపు చూశారు. దారం వదిలేస్తే ఆ చేప మళ్లీ దొరకదని ఇద్దరికీ తెలుసు. నడుముకున్న కత్తి తీసి టక్కున దారం కోసి, నా పక్కన పుట్టి అడుగున కూలబడ్డారు. గాలి మమ్మల్ని ఒక్క ఊపున ఒడ్డుకు విసిరేసింది.

బతికి బయటపడ్డాం. నేను ఒడ్డు మీద చతికిలబడ్డాను, ఆయనేమో తడిసిన లుంగీ పిండుకుంటూ గంతులేస్తున్నారు. "చూసినవా బేటా? గింత ఉన్నది గద!" అని రెండు చేతులూ చాపారు. ఆ తర్వాత చాయ్ హోటల్లో ఎప్పుడు చెప్పినా ఆ చేప ఇంకొంచెం పెరిగేది. నేను మాత్రం పక్కనే కూర్చుని "అవును, అంతే ఉంది" అనేవాణ్ణి. నా ప్రాణం కోసం వదిలేసిన చేపను ఎంత పెద్దది చేసుకున్నా ఆయనకు చెల్లుతుంది.

పోయేముందు దవాఖానలో చూడబోయాను. మనిషి చిక్కిపోయారు, కళ్లల్లో మాత్రం అదే చమక్కు. పక్క మంచం ఆసామికి వాలుగ కథే చెబుతున్నారు. "ఎంతుంటది చాచా?" అని ఆ ఆసామి అడిగాడు. చాచా ఒక చెయ్యి బారుగా చాపారు. రెండో చేతికి సెలైన్ ఎక్కుతోంది, కదలడానికి లేదు. నా వైపు చూశారు.

"బేటా, గా దిక్కు నీ చెయ్యి చాపు."

మంచం అవతలికి వెళ్లి చాపాను. నా వేళ్లు గోడకు తగిలాయి.

"ఇంకా జర" అన్నారు చాచా.