మేకుకు వేలాడే పట్టు పేలిక

ఏమే పద్మా, మంచిగున్నవా... మీ ఆయన చేతులు పగిలినయి, మా అమ్మ చేసే మందేందో చెప్పమని నువ్వడిగి ఎన్ని దినాలాయె... జవాబియ్యలే, ఏమనుకోకు. నా వేళ్లు గూడ గట్లనే ఉన్నయి. బొటనవేలు గరుకై ఫోను లాక్ గూడ తీస్తలేదు. చిటికెన వేలుతోటి కొడుతున్న. పైంగ ఒక పెళ్లి చీర ముంగట పెట్టుకొని కూసున్న, ముట్టలేక... అది తర్వాత చెప్త. నలుగురికి పనికొస్తదని గీడనే, అందరు చూసేతట్టు రాస్తున్న.

మా చిన్నప్పుడు... నాంపల్లి స్టేషన్ ఎనుక గల్లీల మాది ఒక్క అర్ర కిరాయిల్లు. ఎదురుంగ పద్మోళ్లది. మా అమ్మ ఆబిడ్స్ దుకాణాలకెల్లి చీరలు తెచ్చి ఇంట్ల ఫాల్ కుట్టేది. పద్మోళ్ల అమ్మ, మా సత్తెమ్మత్త... ఆమెది గూడ గదే పని.

మా తలుపు పక్కన మేకుకు ఒక పట్టు పేలిక వేలాడుతుండె. చీర ముట్టాలంటె ముందు దాని మీద చెయ్యి తిప్పాలె. వేలు దారాన్ని పట్టిందా... ఆ దినం చీర జోలికి పోవద్దు. మాకే గాదు, అమ్మకు గూడ గదే రూలు.

ఎండకాలం ఫికర్ లేదు. సలికాలమొస్తె పరేషాన్. సల్లనీళ్లల్ల బోళ్లు తోమి, బట్టలు పిండి, అమ్మ వేళ్లు పర్రెలు వారేవి. నూనె రాస్తె పట్టుకు మరక. రాయకుంటె పగులు దారాన్ని గుంజుతది. ఏం జెయ్యాలె చెప్పున్రి...

అందుకే పండుకునే ముందు మందు. నువ్వుల నూనెల మైనం ముక్క కరగబెడితె, సల్లారినంక వెన్నలెక్క అయితది. అది రాసుకొని మా నాయిన పాత సాక్సులు చేతులకు తొడుక్కునేది. "చేతుల మీద నడుస్తవా ఏందే" అని నాయిన నవ్వేటోడు. పొద్దుగాల శనగపిండితోటి జిడ్డంత కడిగి, మల్ల పేలిక మీద చెయ్యి.

ఒక సలికాలం మందు గూడ పనిజెయ్యలే. గప్పుడే ఓ పెళ్లిపిల్ల చీర వచ్చింది... అంచు నిండ జరీ. అమ్మ పేలిక మీద చెయ్యి తిప్పింది. పట్టింది. కడుక్కొచ్చి మల్ల తిప్పింది. మల్ల పట్టింది.

నాకేమో కోపం... ఆ చీర అయితెనే నాకు స్వెట్టర్ కొంటనన్నది మరి. "జర మెల్లగ కుట్టమ్మా, ఎవలకు తెలుస్తది" అన్న.

"చీరకు తెలుస్తది బిడ్డా" అన్నది.

చీర మడతేసుకొని ఎదురింటికి పోయింది. "వదినే, నీ చెయ్యి సాపుగున్నదా?" సత్తెమ్మత్త వచ్చి మా పేలిక మీద చెయ్యి పెడితె... సర్రున జారిపాయె.

"ఏంది వదినా, మీ ఇంట్ల బోళ్లు మా అన్న తోముతున్నడా" అన్నది అమ్మ.

"తోమినా అనుమానమే, ఆయన తోమితె మల్ల తోమాలె. నీళ్లు కాగబెట్టుకుంట నేను. నువ్వు కిరసనాయిలు మిగిలిచ్చి ఏం మూటగట్టుకపోతవ్?"

అత్త కుట్టింది. అమ్మ పక్కన కూసొని సూదిల దారమెక్కిచ్చింది. నా స్వెట్టర్ వచ్చేసరికి సలికాలం పోయింది... అది వేరే సంగతి.

గిప్పుడు నాది ఆబిడ్స్‌ల చిన్న మ్యాచింగ్ దుకాణం. ఇంట్ల గీజర్ ఉన్నది, అర నిండ క్రీములున్నయి... అయినా పగిలినయి. పొద్దంత కొత్త బట్ట తీసుడు, మడతపెట్టుడు... వేళ్లల్ల తడంత అదే గుంజుతది. దవాఖానకు పోతె డాక్టరమ్మ "కొన్నాళ్లు బట్టలు ముట్టకండి" అన్నది. "అమ్మా, నాది బట్టల దుకాణమే" అన్న. ఆమె నవ్వింది, నాకు నవ్వు రాలే. గ్లౌజులేసుకుంటె సూది చేతికి దొరుకుతలేదు.

ఇగ అమ్మ మందు చేద్దామని... మైనమంటె కొవ్వొత్తి అనుకొని అదే కరగబెట్టిన. రాస్తె పెంకులెక్క ఊడొచ్చింది. సాక్సు వేరే ఖరాబ్. అసలు మైనం కోసం వంటింట్ల డబ్బాలన్ని వెతికిన. ఆఖరికి యాడ దొరికిందంటె... దుకాణంల, హుక్స్ కుట్టే దారానికి రుద్దుకునే తేనెమైనం. అమ్మ గూడ కుట్టుపెట్టెలకెల్లే తీసేది, నాకే యాదికి లేదు. ఇన్ని దినాలు గల్లా పక్కనే పెట్టుకొని క్రీములు కొన్న.

పద్మా, మీ ఆయనకు గదే రాయి... చెంచెడు నూనెకు శనగగింజంత తేనెమైనం. కొవ్వొత్తి గాదు.

నాకు మంట తగ్గింది. గానీ పొద్దుగాల పేలిక మీద చెయ్యి తిప్పితె... ఇంకా పట్టుతనే ఉన్నది. ఔ, గదే పేలిక. ఇప్పుడు నా దుకాణంల మేకుకున్నది.

చీరేమో బషీర్‌బాగ్ ఆంటీది, పాత గిరాకీ. వాళ్లమ్మ పెళ్లి పట్టుచీర... ఇప్పుడు బిడ్డ పెళ్లికి కట్టిస్తరట. ఫాల్ కుట్టాలె. పాత పట్టు, మిషిన్ సూది దిగితె చిరుగుతది. "నీ చేతి కుట్టే కావాలె" అని కవర్ల పెట్టి ఇచ్చిపోయింది. చుట్టుపక్కల అడిగిన... అందరిది మిషినే. "లోపలి కుట్టు ఎవలు చూస్తరక్కా" అంటున్రు. ఏం చెప్పాలె వాళ్లకు.

అమ్మకు గల్లీ దాటితె సత్తెమ్మత్త ఉండె. నాకు ఎదురుంగ మొబైల్ కవర్లమ్మే దుకాణమున్నది... వదినే నీ చెయ్యి సాపుగున్నదా అని ఎవలనడగాలె?

మీ ఇండ్లల్ల సలికాలం చేతులకు ఏం రాసేటోళ్లు... యాదికుంటె కింద రాయున్రి.

పద్మా, సత్తెమ్మత్త కుట్టు నీ చేతికి వచ్చింది గదా. పగిలింది మీ ఆయన చేతులే గదా, నీయి సాపుగనే ఉన్నయేమో... హిమాయత్‌నగర్‌కెల్లి ఆబిడ్స్ ఎంత దూరమే. పెళ్లి దగ్గరికొస్తున్నది. సూదిల దారం నేనెక్కిస్త...

ఎప్పుడొస్తవ్?