బిగించని మూత

ఈ రోజు శంషాబాద్‌లోని మా ప్యాకింగ్ కంపెనీలో కొత్త మందు సీసా మూతను పరీక్షించాం. అది పిల్లల చేతికి ఊడి రాకూడదు, పెద్దవాళ్లకు సులువుగా రావాలి. మహేశ్వరం నుంచి వచ్చిన ఒక అవ్వ, వంకరపోయిన వేళ్లతోనే నొక్కి తిప్పి తీసేసింది. మేం చప్పట్లు కొట్టాం. ఆమె నవ్వలేదు.

"ఏమైంది అవ్వా?" అన్నాను.

"పాత సీసా మూత నా చేతులకు రాకపోయేది బిడ్డా. అందుకే బిగియ్యకుండ ఉత్తగనే మీద పెడ్తుంటి. పోయిన వానకాలం నా బీపీ గోలీలు మనుమరాలు మింగింది. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది. గిదేదో జర ముందుగాల్నే చెయ్యకపోతిరా?"

మూతకు ఏ రంగు వేయాలో తేలక ఈ పరీక్షనే ఆరు నెలలు ఆపాం.

మీ ఇంట్లో పెద్దవాళ్ల మాత్రల సీసా మూత బిగించి ఉందా? చూసొచ్చి చెప్పండి.